పెన్సిల్ గీతలో దాక్కున్న పొర

తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో ఓ గీత గీసి, దాన్ని వేలితో రుద్దండి. వేలికి మసి అంటుతుంది. వెలుతురులో పెట్టి చూస్తే ఆ మసి కాస్త మెరుస్తుంది కూడా. తరతరాల బడిపిల్లల వేళ్లకు అంటిన ఆ మెరిసే మసిని ఇచ్చే ఖనిజం నుంచే 2004లో ప్రపంచంలోకెల్లా పల్చని పదార్థం చేతికొచ్చింది. దాని మందం ఒకే ఒక్క పరమాణువు. పేరు గ్రాఫీన్. దాని కథ మాత్రం ఇంగ్లండ్ గొర్రెల కాపరుల దగ్గర మొదలవుతుంది.

సీసం కాని సీసం

ఉత్తర ఇంగ్లండ్‌లోని బారోడేల్ లోయలో, సీత్‌వెయిట్ అనే పల్లె దగ్గర 16వ శతాబ్దంలో నల్లటి మెత్తని రాయి బయటపడింది. కాపరులు దాన్ని 'వాడ్' అనేవారు. దానితో గొర్రెల మీద గుర్తులు పెట్టుకునేవారు. ఫిరంగి గుండ్లు పోతపోసే అచ్చులకు లోపలి పూతగా పనికొస్తుందని తెలిశాక దాని విలువ అమాంతం పెరిగింది. వాడ్ దొంగతనాన్ని ఘోర నేరంగా చూస్తూ 1752లో బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది.

అది సీసంలో ఒక రకమని అందరూ నమ్మారు. పెన్సిల్ లోపలి పుల్లను మనం ఇవాళ్టికీ 'లెడ్' అనడం ఆ పొరపాటుకు ఆనవాలే. అందులో సీసం లేదని, అది బొగ్గులా కర్బన రూపమేనని 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే తేల్చాడు. పదేళ్ల తర్వాత జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్, 'రాయడం' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి గ్రాఫైట్ అని పేరు పెట్టాడు.

దాని లోపలి అమరికను 1924లో ఎక్స్‌రేలతో వివరించినవాడు శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్. ఆత్రేయపురం పూతరేకుల దొంతరను ఊహించుకోండి. ఒక్కో రేకులో కర్బన పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరేసి చొప్పున గట్టిగా అల్లుకుని ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య పట్టు మాత్రం బలహీనం. అందుకే పెన్సిల్‌ను నొక్కి గీస్తే రేకులు జారి కాగితానికి అంటుకుంటాయి.

ఒంటరి రేకు నిలుస్తుందా?

ఒకే ఒక్క రేకులో విద్యుత్తు ఎలా పారుతుందో 1947లో కెనడాలో భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ వాలెస్ లెక్కగట్టాడు. అది కాగితం మీది లెక్కే. అంత పల్చని స్ఫటికం వేడి కదలికలకు తట్టుకుని విడిగా నిలవదని భౌతిక శాస్త్రవేత్తలు లాండౌ, పెయిర్ల్స్ 1930ల్లోనే వాదించారు. 1962లో జర్మనీకి చెందిన హాన్స్-పీటర్ బోమ్‌కు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అతి పల్చని పొరలు కనిపించాయి. గ్రాఫీన్ అనే పేరు కూడా 1986లో ఆయన బృందం పెట్టిందే. పేరుంది, లెక్కుంది. విద్యుత్తు తీగలు తగిలించి పరీక్షించడానికి రేకు మాత్రం దొరకలేదు.

చెత్తలో పడేసిన టేపు

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రీ గైమ్ ప్రయోగశాలకు ఒక మంచి అలవాటు ఉండేది. శుక్రవారం సాయంత్రాల్లో అసలు పని పక్కన పెట్టి, తోచిన ప్రయోగాలు చేసేవారు. కొత్తగా చేరిన విద్యార్థి దా జియాంగ్‌కు గైమ్ ఒక గ్రాఫైట్ బిళ్ల ఇచ్చి, వీలైనంత పల్చగా అరగదీయమన్నారు. బిళ్లంతా పొడైపోయింది. మిగిలిన రవ్వ ఇంకా మందంగానే ఉంది.

అప్పుడు సహచరుడు ఒలెగ్ ష్క్లియారెవ్‌స్కీ ఒక మాట అందించాడు. మైక్రోస్కోపు కింద పెట్టే ముందు గ్రాఫైట్ పైభాగం శుభ్రం కావడానికి సెల్లో టేపు అంటించి లాగేస్తారు. ఆ టేపు చెత్తలోకి పోతుంది. ఆ టేపునే పరీక్షిస్తే, జియాంగ్ అరగదీసిన రవ్వ కంటే ఎన్నో రెట్లు పల్చని పొరలు దానికి అంటుకుని ఉన్నాయి.

గైమ్, ఆయన సహ పరిశోధకుడు కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ ఆ దారినే పట్టుకున్నారు. టేపును మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. మడిచిన ప్రతిసారీ పొర ఇంకాస్త చీలేది. చివరికి దాన్ని సిలికాన్ పలక మీద అద్దేవారు. పలక పైనున్న ఆక్సైడ్ పూత సరైన మందంలో ఉంటే, ఒంటి పరమాణు పొర కూడా మామూలు మైక్రోస్కోపులో లేత రంగు మరకలా కనిపిస్తుంది. 2004 అక్టోబరులో వారి పత్రం 'సైన్స్' పత్రికలో వచ్చింది. 2010లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

గుణాలు ఘనం

ఇలాంటి పొరలు 30 లక్షలు పేరిస్తే ఒక మిల్లీమీటరు. చదరపు మీటరు గ్రాఫీన్ బరువు 0.77 మిల్లీగ్రాములు. అంత రేకుతో ఊయల కడితే నాలుగు కిలోల పిల్లిని మోస్తుందని నోబెల్ కమిటీ పోలిక చెప్పింది. అప్పుడు ఊయల బరువు ఆ పిల్లి మీసంలో ఒక్క వెంట్రుకంత. వేడిని రాగి కంటే ఎన్నో రెట్లు వేగంగా పంపుతుంది. తన మీద పడిన కాంతిలో 2.3 శాతాన్నే పీల్చుకుంటుంది. ఈ సంగతి తేల్చిన 2008 పత్రంలో మొదటి పేరు కేరళకు చెందిన రాహుల్ నాయర్‌ది.

మరి కంప్యూటర్ చిప్పుల్లో సిలికాన్ స్థానం ఎందుకు తీసుకోలేదు? చిప్పులోని స్విచ్ వెలగడమే కాదు, పూర్తిగా ఆరిపోవాలి కూడా. గ్రాఫీన్‌లో విద్యుత్తును పూర్తిగా ఆపడం కష్టం. అందుకే ఇప్పటికి టెన్నిస్ రాకెట్లు, కారు విడిభాగాలు, ఫోన్లను చల్లబరిచే పల్చని పొరలు, కాంక్రీటులో కలిపే మిశ్రమాల వంటి వాటిలోకే వచ్చింది.

ఎలా దొరుకుతుంది?

తయారీకి ప్రధానంగా రెండు దారులున్నాయి. సుమారు 1000 డిగ్రీల వేడిలో మీథేన్‌ను రాగి రేకు మీదికి పంపి పెద్ద పొరలు పెంచడం ఒకటి. వాటిని రాగి నుంచి వేరు చేసేటప్పుడు ముడతలు, చిరుగులు తప్పవు. రెండోది గ్రాఫైట్ పొడిని ద్రవంలో చిలికి పొరలు విడదీయడం. 2014లో డబ్లిన్ పరిశోధకులు వంటింటి మిక్సీలో, గిన్నెలు తోమే ద్రవం కలిపి ఇది చేసి చూపించారు. ఈ దారిలో తయారైన సరుకు కొనేవారు కళ్లు తెరిచి ఉండాలి. 60 కంపెనీల సరుకును పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ నమూనాల్లో అసలు గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు. మిగతాదంతా మందపాటి గ్రాఫైట్ పొడే.

మన తూర్పు కనుమల్లోని ఖొండలైట్ అనే శిలల్లో, ఉమ్మడి తూర్పుగోదావరి, విశాఖపట్నం, ఖమ్మం జిల్లాల్లో గ్రాఫైట్ ఉంది. కానీ ముడిసరుకు ఉంటేనే సరిపోదు. పూతరేకు తీసిన చేతులకు తెలుసు, పిండి ఎవరి ఇంట్లోనైనా దొరుకుతుంది, రేకు చిరగకుండా తీయడమే విద్య. గ్రాఫీన్ విలువ కూడా ఆ విద్యలోనే ఉంది. మన పిల్లలకు నేర్పాల్సింది కూడా అదే.