గిల్టు వాచీ

మొన్న సంక్రాంతికి దర్శి వెళ్ళినప్పుడు మా నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగునుంచి తాతయ్య వాచీ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది బంగారమో కాదో తేల్చి చెప్పు నాయనా" అంది. కీ ఇస్తే ఇంకా నడుస్తోంది, కాకపోతే రోజుకి ఓ పది నిమిషాలు వెనక.

ఈ వాచీ మీద మా ఇంట్లో యాభై ఏళ్ళ గొడవ ఉంది. 1971లో వాళ్ళ పెళ్ళి. అల్లుడు బడిపంతులు కాబట్టి బంగారం వాచీ పెట్టాలన్నారు. నాయనమ్మ వాళ్ళ నాన్న ఆ ఏడు మిరపకాయలమ్మిన డబ్బుతో ఎవరిచేతో మద్రాసు బర్మా బజారు నుంచి తెప్పించాడట. నాలుగేళ్ళకి పట్టీ తగిలించే చోట పసుపు పోయి లోపలి లోహం బయటపడింది. ఇక అత్తగారింట్లో ఏ మాటొచ్చినా "గిల్టు వాచీ పెట్టినోళ్ళు" అనడమే. పాపం, ఆ మాట పడింది నాయనమ్మ.

మనకి డీబగ్గింగ్ తప్ప ఏమొచ్చు? కూర్చుని చదివాను. అప్పటి స్విస్ వాచీ నికార్సైన బంగారమైతే మూత లోపల ముద్ర ఉంటుంది. 18 కారట్లయితే 0.750 అంకె, పక్కన ఒక స్త్రీ తల. 14 కారట్లయితే 0.585, పక్కన ఉడుత బొమ్మ. 1995లో వీటి బదులు కుక్క తల వచ్చింది. ఇప్పుడు పాత వాచీలు సేకరించేవాళ్ళు ముందు వెతికేది ఈ ముద్రనే.

మా వాచీకి అంత శ్రమ అక్కర్లేదు. మూత బయటే ఇంగ్లీషులో ఉంది: గోల్డ్ ప్లేటెడ్, 20 మైక్రాన్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్. సరదాకి లెక్కేశాను. పూత పడ్డ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 20 మైక్రాన్లంటే 0.002 సెంటీమీటరు. బంగారం సాంద్రత 19.3. గుణిస్తే మొత్తం కలిపి 0.4 గ్రాము కూడా రాదు! మన చిలకలపూడి రోల్డు గోల్డుకి ఇది స్విస్ చుట్టం అన్నమాట.

అయితే ఆయన మోసం చేశాడా? ఆ కాలం చూడండి. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా గోల్డ్ కంట్రోల్ వచ్చింది. 14 కారట్లు మించిన కొత్త నగ చెయ్యకూడదు. 22 కారట్ల పని తప్ప తెలియని కంసాలులు వీధిన పడ్డారు, ఆత్మహత్యలు కూడా జరిగాయి. 14 కారట్ల నిబంధన 1966లో ఎత్తేసినా, 1968లో ఏకంగా చట్టమే చేశారు. బంగారం బిస్కెట్లు ఇంట్లో దాచుకోవడం నేరం. అది పోయింది 1990లో. ఫారిన్ వాచీల దిగుమతి మీదా ఆంక్షలే. అప్పటి సినిమాల్లో విలన్లు పడవల్లో దించింది ఊరికేనా? అలాంటి రోజుల్లో ఓ మిరప రైతు నికార్సైన బంగారం వాచీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

పోనీ స్వదేశీ కొనాల్సింది అంటారా? అక్కడా పూతే. బెంగుళూరులో హెచ్.ఎం.టి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో చేతి వాచీలు మొదలుపెట్టింది. సోనా, కాంచన్ అని పేర్లు మాత్రం ఘనం, రెండూ బంగారు పూతవే. తమాషా ఏంటంటే వరకట్న నిషేధ చట్టం వచ్చింది కూడా ఆ 1961లోనే. తర్వాతి రోజుల్లో ప్రభుత్వ కంపెనీ చేసిన ఆ కాంచన్‌కే జనం 'కట్నం వాచీ' అని పేరు పెట్టి బ్లాకులో కొన్నారు. ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. చట్టం సంగతి మీకు తెలుసుగా.

ఇదంతా నాయనమ్మకి చెప్పాను. మైక్రాన్ల దగ్గర పెద్దగా పట్టించుకోలేదు. "మా నాన్నకి తెలిసి చెయ్యలేదు గదా?" అంది. ఆయనకి ఇంగ్లీషు రాదు, మూత మీద ఏముందో చదవలేడు కదా అన్నాను.

కాసేపు వాచీని తిప్పి వెనకవైపు చూస్తూ కూర్చుంది. చత్వారం కళ్ళకి ఆ అక్షరాలు కనపడవు, కనపడినా చదవలేదు. వేలితో తడిమింది.

"మీ తాతయ్యకి వచ్చుగా" అంది.