జేజమ్మ లేని గద్వాల

గద్వాల పేరు చెబితే హైదరాబాద్ వాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి చీర, రెండోది జేజమ్మ. చీర నిజంగా గద్వాలదే. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే మగ్గాలు ఇప్పటికీ అక్కడ ఆడుతున్నాయి. జేజమ్మ మాత్రం గద్వాల మనిషి కాదు. ఆ మాటకొస్తే ఏ ఊరి మనిషీ కాదు, 2009 సంక్రాంతికి తెర మీద పుట్టిన మనిషి.

‘అరుంధతి’ ఆ జనవరి 16న విడుదలైంది. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత. థియేటర్ కోసం తీసిందే గానీ, ఆ తర్వాత ఎదిగిన పిల్లలకు అది టీవీ సినిమా. సెలవు రోజు మధ్యాహ్నం సగం నుంచి చూసి, యాడ్స్ వచ్చినప్పుడల్లా ఊపిరి పీల్చుకున్న సినిమా. పశుపతి గొంతును (తెర మీద సోనూ సూద్, డబ్బింగ్ పి. రవిశంకర్) అనుకరించేవాడు లేని హాస్టల్ ఉండదు. మాది వనపర్తి. “ఆ కోట మీ దిక్కే కదా, రాత్రిపూట పోయినవా ఎప్పుడన్నా?” అని అడిగినవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

తెర మీద కనబడే ఆ పాత బంగళా గద్వాలలో లేదు. తుంగభద్ర దాటి, కర్నూలు దాటి, బనగానపల్లె నుంచి యాగంటి పోయే దారిలో ఉంది. బనగానపల్లె నవాబులు కట్టించుకున్న బంగళా అది. 1948లో ఇండియాలో కలిసేదాకా బనగానపల్లె ఓ చిన్న ముస్లిం సంస్థానం. ఇప్పుడు అక్కడ దాన్ని ‘అరుంధతి కోట’ అనే పిలుస్తారు. యాగంటి బసవన్నను చూసుకుని వచ్చేవాళ్లు ఆగి ఫొటోలు దిగుతారు. కట్టించిన నవాబు పేరు పోయింది, ఎన్నడూ లేని రాణి పేరు వచ్చింది. పేరు ఒక సంస్థానం నుంచి, ఇల్లు ఇంకో సంస్థానం నుంచి తెచ్చుకుని దయ్యం కాపురం పెట్టిందన్నమాట.

ఇలాంటి అతుకు కొత్తదేం కాదు. మన దేశంలో పాడుబడ్డ మహలు కథలన్నిటికీ పెద్దమ్మలాంటి కథ టాగూర్ ‘క్షుధిత పాషాణ్’, 1895 నాటిది. పదిహేడేళ్ల వయసులో అహ్మదాబాద్‌లో అన్నగారింట ఉన్నప్పుడు చూసిన షాహీబాగ్ ప్యాలెస్ ఆయన మనసులో ఉంది. కానీ కథలో ఆ మహలును నిజాం రాజ్యంలో పెట్టాడు. కథ చెప్పే మనిషి నిజాం కొలువులో పత్తి పన్ను వసూలుకు వచ్చిన ఉద్యోగి. పగలు లెక్కలు, రాత్రి గజ్జెల చప్పుడు. ఇందులో నాకు ఆసక్తి కలిగించేది దయ్యం కాదు, ఆ ఉద్యోగి. కట్టించినవాళ్లు పోయి, లెక్కల పుస్తకంతో కొత్తవాడు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే ఇంటికి దయ్యం పడుతుంది. యజమాని హాయిగా కాపురముంటున్న ఇంటి మీద ఈ కథలు పుట్టవు.

హిందీలో ఈ తరహా సినిమాలకు దారి వేసిన కమాల్ అమ్రోహీ ‘మహల్’ 1949లో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయిందీ అదే ఏడు, ఆగస్టులో. రెంటికీ ప్రత్యక్ష సంబంధం ఉందని అనను. కానీ దేశమంతా పెద్ద పెద్ద ఇళ్లు ఒక్కసారిగా ఖాళీ అవుతున్న కాలంలో, ఖాళీ ఇంట్లో ఎవరో తిరుగుతున్నారన్న సినిమాను జనం ఎగబడి చూశారంటే ఆశ్చర్యం లేదు.

మరి మా దిక్కు ఖాళీ అయిన ఇళ్లు ఏమయ్యాయి? వనపర్తి రాజావారి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ అయింది. రాజుల మహల్లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ నేర్చుకున్న పిల్లలకు సప్లిమెంటరీ భయమే తప్ప ఇంకో భయం లేదు. నాగర్‌కర్నూల్ వైపు జటప్రోలు సంస్థానం వాళ్లు రాజధానిని ఎప్పుడో కొల్లాపూర్‌కు మార్చుకున్నారు. ‘చంద్రికా పరిణయం’ రాసిన సురభి మాధవరాయల వంశం వాళ్లది. వాళ్ల పాత ఊరు జటప్రోలు శ్రీశైలం రిజర్వాయర్ నీళ్లలో మునిగింది. గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి ఎత్తు మీద మళ్లీ కట్టారు. కృష్ణ పొడుగునా అట్లా మునిగిన పల్లెలు ఎన్నో. నన్నడిగితే దయ్యాలు తిరగాల్సింది అక్కడ, ఆ పునాదుల మధ్య. కానీ పూరిళ్లకూ మట్టిమిద్దెలకూ దయ్యం సినిమాలో చోటు లేదు. దయ్యానికి కూడా షాండ్లియర్ కావాలి.

గద్వాల సంగతికి వస్తే, నడిగడ్డలో ఆ మట్టికోటను కట్టించింది పెద సోమభూపాలుడు. జనం నోట్లో నల సోమనాద్రి. ఆయన తర్వాత, 18వ శతాబ్దం తొలి సగంలో, గద్దె మీద మగవాళ్ల కంటే ఆడవాళ్ల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. లింగమ్మ, అమ్మక్క, మంగమ్మ, చొక్కమ్మ. చివర్లో ఆదిలక్ష్మీ దేవమ్మ. 1924లో భర్త సీతారామభూపాలుడు పోయాక, 1949లో సంస్థానం రద్దయ్యేదాకా పాతికేళ్లు ఆమెదే పాలన. కాబట్టి గద్వాలకు ఓ ఆడమనిషిని ఏలికగా ఊహించడం సినిమావాళ్ల గొప్పేం కాదు, చరిత్రలో ఉన్నదే. జేజమ్మకు నాట్యం, చిత్రకళ నేర్పించడం కూడా సరిగ్గా కుదిరింది. ఏటా పండితులను పిలిచి సత్కరించిన ఊరు కాబట్టి ‘విద్వద్గద్వాల’ అన్న పేరుంది. తిరుపతి వేంకట కవులు అవధానాలకు వచ్చిన సంస్థానాల్లో ఇదొకటి.

తేడా ఎక్కడంటే, సినిమా గద్వాలలో నిజాం లేడు. పేష్కష్ లేదు, దివాను లేడు, రెసిడెంటు లేడు. అసలు రాణుల బతుకంతా వాటితోనే. మగ వారసుడు లేకుండా భర్త పోతే, దత్తత చెల్లుతుందా లేదా, వారసత్వానికి పైనుంచి మంజూరు వస్తుందా రాదా, వచ్చేలోపు పాలెవరైనా గద్దె మీద కన్నేస్తే ఏం చేయాలి అన్నవి సంస్థానాల్లో వితంతు రాణులకు తప్పని ప్రశ్నలు. అర్జీలతో, కచేరీలతో, ఓపికతో చేయాల్సిన యుద్ధం. జేజమ్మకు ఆ బాధ లేదు. చచ్చి మునిమనవరాలిగా పుడితే చాలు, వారసత్వం దానంతటదే వస్తుంది. దత్తత పత్రం చోట పునర్జన్మ! తల మీద కొబ్బరికాయలు కొట్టించుకుని చచ్చిపోయే సీన్‌కు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అంతే. కానీ బతికుండి పాతికేళ్లు పాలించడం తెర మీద నిలబడే సీన్ కాదు.

ఇంకోటి కూడా అక్కడ చల్లగా మాయమైంది. తెలంగాణ పల్లెల్లో గడీ అంటే దయ్యం లేకుండానే భయం. వెట్టి, దండుగలు, పిలిస్తే పోవాల్సిన ఆడవాళ్లు. గౌతమ్ ఘోష్ ‘మాభూమి’లో గడీ అంటే భయపెట్టడానికి అఘోరాల అవసరం రాలేదు. పశుపతి చేసే పనులు చూడండి: కంటబడిన ఆడదాన్ని చెరచడం, అడ్డొస్తే చంపడం, అడిగేవాడు లేకపోవడం. ఇవన్నీ మన ముసలివాళ్లు దొరల గురించి గొంతు తగ్గించి చెప్పిన కథలే. సినిమా ఆ దొరను రెండు ముక్కలు చేసింది. మంచి అంతా రాజకుమారికి ఇచ్చింది, చెడు అంతా ఇల్లరికపు అల్లుడికి అంటగట్టింది. అల్లుడు పరాయివాడు కాబట్టి, అతన్ని సజీవంగా సమాధి చేస్తే గడీ శుభ్రం. చాలా తెలివైన సర్దుబాటు. అంత బాగా పనిచేసింది కాబట్టే, రాజరికాన్ని తిట్టుకునే ఇళ్లలో కూడా జేజమ్మకు చప్పట్లు పడ్డాయి. ఒక్క మెచ్చుకోలు మాత్రం ఇవ్వాలి: ఆ దయ్యాన్ని కట్టడి చేయడానికి కడదాకా తోడు నిలిచే మనిషి అన్వర్, ఒక ఫకీరు. నవాబు బంగళాలో గద్వాల రాణికి అంతకంటే తగిన తోడు ఎవరు?

గద్వాల కోట ఖాళీగా లేదు. చెన్నకేశవుడి గుడి ఉంది, రోజూ దీపం పెడతారు. మిగతా జాగాలో డిగ్రీ కాలేజీ ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆర్టీసీ బస్సుల్లో వచ్చిన ఆడపిల్లలు పాత గోడల మధ్య నుంచే క్లాసులకు పోతుంటారు. వాళ్లందరికీ జేజమ్మ తెలుసు. ఆ కాలేజీ పేరు ఎం.ఏ.ఎల్.డి. కాలేజీ. బస్సు కండక్టరూ అంతే అంటాడు, హాల్‌టికెట్ మీదా అంతే ఉంటుంది. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలను విప్పితే వచ్చేది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ.