పొట్టలో పైపు: ఎందుకు పెట్టారు, ఎందుకు మానుతున్నారు?

సత్తెనపల్లి చుట్టుపక్కల మన యానాది, ఎరుకల కాలనీల్లో, సుగాలీ తండాల్లో ఎవరికైనా పొట్ట ఆపరేషన్ అయితే చూడబోయినవాళ్ళు "పైపు వేశారా?" అని అడుగుతుంటారు. వేస్తే చెడునీరంతా పోతుందని ధైర్యం. వేయకపోతే డాక్టరు గబగబా కానిచ్చేశాడేమోనని అనుమానం. ఈ నమ్మకం మనం పుట్టించింది కాదు. పెద్ద పెద్ద సర్జన్లే వందేళ్ళు నమ్మారు. ఆ చరిత్ర మనం తెలుసుకోవాలి.

పైపు చాలా పాతది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు కాలంలోనే ఛాతీలో చేరిన చీము తీయడానికి గొట్టం వాడారు. మన దేశంలో సుశ్రుత సంహితలో జలోదరం నీటిని గొట్టంతో తీసే పద్ధతి ఉంది. అక్కడ చీమో నీరో నిజంగా ఉంది, దానికి దారి చేశారు. అందులో తప్పేం లేదు.

చిక్కు 19వ శతాబ్దంలో వచ్చింది. మత్తుమందు వచ్చాక పొట్ట కోసే ఆపరేషన్లు పెరిగాయి. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ మొదటిసారి గాల్ బ్లాడర్ తీశాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. లోపల చీము పడితే మనిషి దక్కడం కష్టం. అందుకే ఇంగ్లండ్ సర్జన్ లాసన్ టెయిట్ అనుమానం వస్తే పైపు పెట్టేయమన్నాడు. ఆ మాట సర్జన్లకు సామెతైపోయింది. అమెరికాలో హాల్‌స్టెడ్ మాత్రం, తెలియక పెట్టేకంటే పెట్టకపోవడమే మేలన్నాడు. 1905లో యేట్స్ ప్రయోగాలు చేసి చూపించాడు: పొట్టలో పైపు పెడితే కొన్ని గంటల్లోనే పేగులు, కొవ్వుపొర దాని చుట్టూ అతుక్కుని గోడ కట్టేస్తాయి. ఇక అది పొట్టంతటి నీటిని లాగలేదు.

అయినా అలవాటు పోలేదు. పైపు పెట్టాక రోగికేమన్నా అయితే అది తలరాత, పెట్టకుండా అయితే తప్పు డాక్టరుది. గురువు పెట్టాడు, శిష్యుడూ పెట్టాడు.

1985లో జర్మనీలో ఎరిక్ ముహె చిన్న బొక్కల్లోంచి గాల్ బ్లాడర్ తీశాడు. 1990లో డాక్టర్ ఉద్వాడియా ఆ ఆపరేషన్‌ను ముంబైలో చేశారు. కోత చిన్నదైంది గానీ పైపు అలవాటు వెంటే వచ్చింది. అప్పుడు కొందరు రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి పైపు పెట్టి, ఇంకొకరికి పెట్టకుండా చూశారు. 2013లో కోక్రేన్ సంస్థ అలాంటి 12 పరీక్షలను, 1831 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. అందరికీ పైపు పెట్టడం వల్ల లాభం ఉందనడానికి ఆధారం దొరకలేదు.

కారణం ఏంటంటే, పొట్ట లోపలి పొర కొద్దిపాటి నీటిని తనే పీల్చుకుంటుంది. పైపు వల్ల నొప్పి, క్రిములకు దారి. పైగా పైపు మూసుకుపోతే లోపల రక్తం కారుతున్నా బయటికి కనపడదు.

అలాగని పైపు ఎప్పుడూ వద్దని కాదు. పైత్యరసం కారుతుందన్న భయం ఉన్నా, బాగా చీము పట్టినా, రక్తం సరిగా ఆగకపోయినా డాక్టరు పెట్టొచ్చు. మనం చెప్పేది చిక్కుల్లేని ఆపరేషన్ గురించే.

ఇది మనకెందుకంటే, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మనవాళ్ళూ ఆపరేషన్లకు ధైర్యంగా వెళ్తున్నారు. మిర్చి కోతల రోజుల్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి కూలి పోతుంది, తోడున్న మనిషిది కూడా. అయినా ఏమీ అడక్కుండా వేలిముద్ర వేసి వస్తున్నారు. చదువుకున్న మనం తోడెళ్ళి మర్యాదగా అడగాలి: పైపు ఎందుకు? ఎప్పుడు తీస్తారు? ఉన్న పైపును మనంతట మనం పీకకూడదు. పైపు లేదని భయపడకూడదు. ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బినా, నొప్పి పెరిగినా, కళ్ళు పచ్చబడినా ఆకుపసరు అంటూ ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

అంత చదివిన సర్జన్ల అలవాటు కూడా "ఎందుకు?" అని అడిగాకే కదిలింది. మన ఇంట్లోవాళ్ళ కోసం ఆ ప్రశ్న మనమే అడగాలి.