రాయి గీసిన గీత, ఆకు చెరిపిన అంచు

న్యూఢిల్లీలో నిజాం నవాబుకు హైదరాబాద్ హౌస్ గీసిచ్చిన ఎడ్విన్ లుటియెన్స్ పేరు మనకు తెలిసిందే. ఆయన తోటల వెనకున్న గెర్ట్రూడ్ జీకిల్ పేరు మాత్రం మనవాళ్లు పెద్దగా విన్నది కాదు.

1889లో వాళ్లకు పరిచయమయ్యేనాటికి ఆయనకు ఇరవై, ఆమెకు నలభై అయిదు. ఆమె చిత్రకారిణి, కుట్టుపనిలో దిట్ట. చూపు మందగించడంతో కుంచె, సూది పక్కనపెట్టి మట్టిలో రంగులు వేయడం మొదలుపెట్టింది. తోటలో రాతిపని ఆయనది, మొక్కల ఎంపిక ఆమెది.

ఆ జంట పనితనం చూడాలంటే ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌కు వెళ్లాలి. అక్కడి హెస్టర్‌కూంబ్‌లో 1904-08 మధ్య పల్లంలో చతురస్రాకారపు తోట వేశారు. మూల నుంచి మూలకు పచ్చిక బాటలు, వాటికి రాతి అంచులు, మధ్యలో ముక్కోణపు పూలమళ్లు. లుటియెన్స్ గీత కత్తితో కోసినంత కచ్చితం. ఆ గీత వెంబడి జీకిల్ బెర్జీనియా అనే మొక్కను నాటించింది. మందపాటి గుండ్రటి ఆకులు రాతి మీదికి ఒరిగి, ఆ కరుకుదనాన్ని అక్కడక్కడా కప్పేస్తాయి. చలికాలంలో తక్కిన మొక్కలు నేలకు అణిగిపోయినా ఇది పచ్చగానే ఉంటుంది కాబట్టి మడి ఆకారం చెదరదు.

రాతి అంచు అందానికే అనుకుంటే పొరపాటు. పచ్చిక వేళ్లు మడిలోకి పాకకుండా, వానకు మట్టి బాట మీదికి జారకుండా అది ఆపుతుంది. రాయిని పచ్చికతో సమమట్టంగా పరిస్తే గడ్డి కోసే యంత్రం చక్రం దాని మీదుగానే సాగిపోతుంది. పైకి లేపితే మాత్రం, అంచున మిగిలిన గడ్డిని కత్తెరతో కత్తిరించుకుంటూ కూర్చోవలసిందే!

1950లలో హెస్టర్‌కూంబ్ అగ్నిమాపక దళం చేతికి వచ్చింది. అప్పటికే తోట కళ తప్పింది. 1970లలో జీకిల్ గీసిన మొక్కల నాట్ల పటాలు కుండీల షెడ్డులో దొరికాయి. ఏ మడిలో ఏ మొక్కో వాటిలో ఉంది. మళ్లెక్కడున్నాయో రాళ్లు చెప్పాయి. తోట మళ్లీ లేచింది.

లుటియెన్స్ రాతి గీతలు చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యానం ఆయన గీసిందే. 1928-29లో అక్కడ మొక్కలు నాటించింది విలియం మస్టో. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జనాన్ని లోపలికి అనుమతిస్తారు. ఈసారి వెళ్తే పూలకన్నా ముందు మడి అంచు చూడండి.