వర్షాభావంలో పశువులకు ఆదరువు పిల్లిపెసర

వర్షాభావం వల్ల దాళ్వాకు కాలువ నీరు చాలని ఏడాది గోదావరి డెల్టాలో వేసవి పశుగ్రాసానికి కొరత తప్పదు. అటువంటప్పుడు పిల్లిపెసర రైతులకు ఆదరువు.

సార్వా వరి కోతకు రెండు, మూడు రోజుల ముందు, నేలలో పదను ఉండగానే చేలో విత్తనాలు వెదజల్లాలి. మిగిలిన తేమతోనే పైరు ఎదుగుతుంది. విత్తడం ఆలస్యమై పదను ఆరితే మొలక సరిగా రాదు. యంత్రంతో కోసే చేలలో చక్రాల కింద మొలకలు నలుగుతాయి కనుక, కోత పూర్తయిన వెంటనే విత్తుకోవాలి.

పూత దశలో కోసి మేపవచ్చు. పప్పుజాతి పైరు కావడంతో ఇందులో మాంసకృత్తులు అధికం. అయితే పచ్చిమేత ఒక్కటే అతిగా పెడితే పశువులకు కడుపుబ్బరం వస్తుంది. ఎండు వరిగడ్డితో కలిపి మేపడం శ్రేయస్కరం. మిగిలిన పైరును పచ్చిగా ఉండగానే కలియదున్నితే తదుపరి పంటకు నత్రజని లభిస్తుంది.