డాన్సు హాళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయి?

పాత కలకత్తా గురించో, పాత బొంబాయి గురించో రాసేవాళ్ళు తప్పకుండా ఒక ఫోటో వేస్తారు. పెద్ద హాలు, నున్నటి చెక్క నేల, సూట్లు వేసుకున్న మగవాళ్ళు, గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు, వెనక వేదిక మీద తెల్లకోట్లతో బ్యాండువాళ్ళు. ఫోటో కింద రాసేది కూడా ఇంచుమించు ఒకటే. ఆ రోజుల్లో మర్యాద ఉండేదట, వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ తెలిసినవాళ్ళు ఉండేవారట, ఇప్పుడు ఎవరికి వాళ్ళు గెంతడమే మిగిలిందట.

నేను లెక్కల మనిషిని. రక్షణశాఖ ఖాతాల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఒక పద్దు ఈ ఏడాది తగ్గిపోయిందంటే, "కాలం మారింది" అని రాసిస్తే మా ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టరు. ఎప్పటినుంచి తగ్గింది, ఏ ఉత్తర్వు వల్ల తగ్గింది అని అడుగుతారు. ఈ డాన్సుల విషయంలోనూ అలా అడిగితే ఏం తేలుతుందో చూద్దాం.

ముందు ఆ "మర్యాద" సంగతి. ఇవాళ పెద్దమనుషుల నాట్యంగా చెప్పుకునే వాల్ట్జ్ పుట్టిన కొత్తల్లో పెద్ద అప్రతిష్ఠ పాలయింది. అంతకుముందు నాట్యాల్లో చేతివేళ్ళు తగిలించుకుని వరసల్లో నడిచేవాళ్ళు. వాల్ట్జ్‌లో మగవాడు ఆడమనిషి నడుము చుట్టూ చెయ్యి వేస్తాడు. 1816లో లండన్‌లో ప్రిన్స్ రీజెంట్ ఇచ్చిన విందులో ఈ నాట్యం ఆడారని తెలిసి టైమ్స్ పత్రిక మండిపడింది. ఇలాంటి అసభ్యత మంచి కుటుంబాల్లోకి రాకూడదని ఆడపిల్లల తల్లిదండ్రులను హెచ్చరించింది. నూరేళ్ళ తరవాత, 1914 ప్రాంతంలో, అమెరికాలో ఫాక్స్‌ట్రాట్ వచ్చింది. దాన్ని చూసి బెంబేలెత్తినవాళ్ళకి అప్పటికే వాల్ట్జ్ సంప్రదాయం అయిపోయింది. ఆ తరవాత జైవ్ వచ్చింది, ఫాక్స్‌ట్రాట్ సంప్రదాయంలో చేరింది. ఈ వరస ఇంకా నడుస్తూనే ఉంది.

మన దేశంలోకి ఈ జంట నాట్యాలు తెల్లదొరలతో వచ్చాయి. కంటోన్మెంట్లు, జింఖానాలు, క్లబ్బులు, రైల్వే ఇన్‌స్టిట్యూట్లు, తరవాత పెద్ద హోటళ్ళు. బొంబాయి తాజ్ హోటల్ 1903లో మొదలైంది. 1935లో అక్కడికి లియోన్ అబే అనే నల్లజాతి అమెరికన్ బ్యాండు వచ్చింది. తన దేశంలో చాలా హోటళ్ళు అతిథిగా రానివ్వని మనిషి ఇక్కడ మహారాజుల చేత అడుగులు వేయించాడన్నమాట. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళలో పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ ఒకడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లో ఆయన బ్యాండు సైనికులతో కిటకిటలాడే హాలుకి వాయించేది. 1945లో కలకత్తాలోనే కలరా సోకి పోయాడు. వీళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళు గోవా క్రైస్తవ సంగీతకారులు. వాళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది.

ఫోటోల్లో కనపడనిది హాలు తలుపు. లోపలికి ఎవరిని రానిచ్చేవాళ్ళు? కలకత్తాలో పెద్ద యూరోపియన్ క్లబ్బుల్లోకి భారతీయులకు ప్రవేశం లేకపోబట్టే 1907లో అందరికీ కలిపి కలకత్తా క్లబ్బు పెట్టుకున్నారు. "అందరికీ" అంటే మగవాళ్ళకి. ఆడవాళ్ళు అతిథులుగా వచ్చి నాట్యం చేయవచ్చు, సభ్యత్వం మాత్రం 2007 దాకా ఇవ్వలేదు! పాత రోజుల మర్యాద గురించి మాట్లాడేవాళ్ళు ఈ వందేళ్ళ లెక్క కూడా చూడాలి.

క్లబ్బుల కన్నా నాకు ఆసక్తి కలిగించేవి రైల్వే ఇన్‌స్టిట్యూట్లు. సామాన్య సంసారులు, అంటే ఇంజను డ్రైవర్లు, గార్డులు, టెలిగ్రాఫ్ గుమాస్తాలు వారం వారం నాట్యం చేసింది అక్కడే. వాళ్ళలో ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లు. లాలాగూడ, ఖాజీపేట, వాల్తేరు, ఖరగ్‌పూర్, ఇలా పెద్ద జంక్షన్లన్నింటిలో వాళ్ళ కాలనీలు ఉండేవి. 1980లలో నేను కలకత్తాలో పనిచేసేటప్పుడు మా సెక్షన్లో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఒకాయన ఉండేవారు. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్. శనివారం మధ్యాహ్నమే కుర్రవాళ్ళు హాలు తుడిచి, కాళ్ళు జారేలా చెక్క నేల మీద సుద్దపొడి చల్లేవారట. చిన్నపిల్లలు ఆ పొడి మీద జారుడు ఆట ఆడి నేలను నున్నగా చేసేవారట. రాత్రి బ్యాండు, మధ్యలో తంబోలా, ఆడపిల్లల తల్లులు గోడవార కుర్చీల్లో కాపలా. పెళ్ళి సంబంధాలు సగం అక్కడే కుదిరేవని చెప్పేవారు.

నేను తెలుగువాణ్ణని ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాలవాళ్ళు వేలమంది పనిచేసేవారు, ఇప్పటికీ అక్కడ తెలుగు బాగా వినపడుతుంది. వాళ్ళు ఆ హాల్లోకి వచ్చేవారు కాదు. ఆ రోజుల్లో పెద్ద రైల్వే కాలనీల్లో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు.

మరి ఆ శనివారాలు ఎందుకు ఆగిపోయాయి? రాజ్యాంగం 336వ అధికరణం చదవండి. రైల్వే, కస్టమ్స్, తపాలా, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లకు ఉన్న రిజర్వేషన్ మొదటి రెండేళ్ళు 1947 ఆగస్టు 15కి ముందు ఉన్నట్టే ఉంటుంది, ఆ తరవాత ప్రతి రెండేళ్ళకీ పది శాతం చొప్పున తగ్గుతుంది, పదేళ్ళకి పూర్తిగా ఆగిపోతుంది. అంటే 1960. (ఇంత శుభ్రంగా రాసిన తగ్గింపు పట్టీ నేను సర్వీసులో ఎక్కువ చూడలేదు.) దీన్ని అన్యాయం అనను. తెల్లప్రభుత్వం ఇచ్చిన ప్రత్యేక వాటా స్వతంత్ర దేశంలో శాశ్వతంగా ఉండదు. కానీ ఫలితం ఏమిటంటే కొడుకుకి రైల్వే ఉద్యోగం ఖాయం కాని కుటుంబాలు ఓడలెక్కాయి. మొదట ఇంగ్లండు, తరవాత కెనడా, ఆస్ట్రేలియా. మా పెద్దాయన అన్నదమ్ములు ముగ్గురూ పెర్త్ వెళ్ళిపోయారు. 1970 నాటికి ఖరగ్‌పూర్ హాల్లో నేల నిండడానికి చాలినన్ని జంటలే దొరకలేదని ఆయన చెప్పారు. నాట్యం మీద మోజు పోయి ఎవరూ మానలేదు. చేసేవాళ్ళు ఊళ్ళో లేరు, అంతే.

నగరాల్లో హోటళ్ళ సంగతి డబ్బు లెక్క. పదిమంది బ్యాండుకి రోజూ జీతం ఇవ్వాలి. నాట్యం చేసేవాళ్ళ టిక్కెట్టుతో అది రాదు, పక్కన అమ్మే మద్యంతో వస్తుంది. మద్రాసు రాష్ట్రమంతటా 1948లో మద్యనిషేధం వచ్చింది, బొంబాయిలో 1950లో వచ్చింది. బారు మూసేస్తే బ్యాండు జీతం ఎవరిస్తారు? గోవా సంగీతకారులు సినిమా స్టూడియోలకి నడిచారు. నొటేషన్ చదవడం, పదిరకాల వాయిద్యాలకి విడివిడిగా రాయడం వాళ్ళకి వచ్చు, సినిమా సంగీత దర్శకుల్లో చాలామందికి రాదు. తాజ్‌లో ట్రంపెట్ వాయించిన చిక్ చాకొలేట్ (అసలు పేరు ఆంటోనియో వాజ్) సి. రామచంద్ర దగ్గర పనిచేశాడు. 1951లో వచ్చిన "అల్‌బేలా"లో ఆయన బ్యాండు తెర మీద కూడా కనపడుతుంది. దేశ విభజనకి ముందు లాహోర్ హోటల్లో బ్యాండు నడిపిన సెబాస్టియన్ డిసౌజా బొంబాయి వచ్చి శంకర్ జైకిషన్‌ల వాద్యబృందానికి రాసిపెట్టాడు. అంటే డాన్సు హాలు సంగీతం చావలేదు, సినిమాహాలుకి మారింది. అక్కడ మనం కుర్చీలో కూర్చుంటాం.

కలకత్తా పార్క్ స్ట్రీట్ ఇంకో ఇరవై ఏళ్ళు నిలబడింది. నక్సల్ రోజుల అల్లర్లు, కంపెనీలు నగరం వదిలిపోవడం, కరెంటు కోతలు, ఆపైన ప్రత్యక్ష సంగీతం పెట్టే హోటళ్ళ మీద భారీ వినోదపు పన్ను, ఇవన్నీ కలిసి దాన్ని చప్పబరిచాయి. సరిహద్దు అవతల కరాచీ నైట్‌క్లబ్బులు ఒక్క దెబ్బకి పోయాయి. 1977 ఏప్రిల్‌లో భుట్టో తన కుర్చీ కాపాడుకోవడానికి మతపార్టీలని మెప్పిస్తూ మద్యం, నైట్‌క్లబ్బులు నిషేధించాడు. జూలైలో కుర్చీ ఎలాగూ పోయింది, నిషేధం మిగిలింది.

మన సంస్కృతే చెడిపోయిందని అనుకునేవాళ్ళు ఒకసారి ఇంగ్లండు వైపు కూడా చూడాలి. 1960లో అక్కడ జూదం చట్టం సడలించగానే పాత డాన్సు హాళ్ళు చాలా బింగో హాళ్ళుగా మారిపోయాయి, లాభం అందులో ఎక్కువ కాబట్టి. అదే ఏడాది ట్విస్ట్ వచ్చింది. దానికి జంట అక్కర్లేదు, అడుగులు నేర్పే మాస్టారు అక్కర్లేదు, గ్రామఫోను చాలు. 1965లో "భూత్ బంగ్లా" సినిమాతో అది మన ఊళ్ళకీ వచ్చేసింది.

ఇదంతా బయటి లెక్క. ఒక లోపలి కారణం కూడా ఉంది. మధ్యతరగతి హిందూ కుటుంబాలు ఖాళీ అయిన ఆ హాళ్ళని ఎందుకు నింపలేదు? మన వైపు నాట్యమంటే భోగం మేళం. దాని వెనక ఉన్న దోపిడీని వీరేశలింగం పంతులుగారు ఎండగట్టారు, అది చేయవలసిన పనే. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ దురాచారాన్ని నిషేధించింది, అదీ న్యాయమే. కానీ పెద్దకుటుంబాల్లో దురాచారం మీద ఏవగింపు నాట్యం మీదికి పాకింది. తరవాత నాట్యం తిరిగి వచ్చింది గానీ "శాస్త్రీయం" అన్న ముద్ర వేయించుకుని, వేదికెక్కి వచ్చింది. మన పిల్ల కూచిపూడి అరంగేట్రం చేస్తే ముందు వరసలో కూర్చుని మురిసిపోతాం. అదే పిల్ల స్నేహితుడి చెయ్యి పట్టుకుని పదడుగులు వేస్తే? 2009 జనవరిలో మంగళూరు పబ్బులో ఆడపిల్లలని జుట్టు పట్టుకుని కొట్టినవాళ్ళు సంస్కృతి పేరే చెప్పారు. 2018లో ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

పోనీ పాశ్చాత్యం కాబట్టే నిలవలేదందామా? శ్రీలంక అందుకు ఒప్పుకోదు. అక్కడ బైలా అనే పాట, నాట్యం ఉంది. పోర్చుగీసు కాలపు మిశ్రమ జాతుల విందుల నుంచి పుట్టింది. 1956లో సింహళం ఒక్కటే అధికారభాష అన్నాక, అక్కడి బర్గర్లు మన ఆంగ్లో ఇండియన్లలాగే ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. బైలా మాత్రం పోలేదు. ఎందుకంటే అప్పటికే వాలీ బస్టియన్ వంటివాళ్ళు దాన్ని సింహళ పాటల్లోకి మార్చేశారు. ఈనాటికీ అక్కడి పెళ్ళిళ్ళలో తాతలు, మనవరాళ్ళు కలిసి బైలా ఆడతారు. గోవాలో మాండో అలా కాలేదు. కొంకణి పాటే అయినా అది పెద్ద భూస్వాముల ఇళ్ళ హాళ్ళలో పెరిగింది. ఆ ఇళ్ళు చితికాక పోటీల వేదిక మీదికి చేరింది. న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. మన అరకు ధింసా కూడా అదే దారిన పోతోంది. పండగకీ పెళ్ళికీ ఊరంతా నడుములు పట్టుకుని ఆడే నాట్యం, పర్యాటకులకి గంటకింత అని చూపించేదయింది.

సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం 2022 జనవరిలో కాలిపోయినప్పుడు చాలామంది బాధపడ్డారు. కట్టడం విషయంలో నాకూ బాధే. కానీ ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో సంగీత్ అనే కొత్త పద్దు చేరింది. ఉత్తరాది నుంచి వచ్చింది, ఖర్చు దండగ అని నేనే ఇంట్లో గొణిగాను. కిందటేడు మా మేనకోడలి పెళ్ళిలో కొరియోగ్రాఫర్‌ని పెట్టి నెలరోజులు నేర్పించిన పాటలన్నీ వేదిక మీద అయిపోయాయి, కొరియోగ్రాఫర్ డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. తరవాత ఎవరో స్పీకర్ ఆపకుండా ఉంచారు. వంటవాళ్ళ పిల్లలు, పెళ్ళికొడుకు పిన్నిలు, డెబ్బై దాటిన మా పెద్దక్కయ్య, అందరూ కుర్చీలు గోడకి నెట్టేసి రాత్రి ఒంటిగంట దాకా ఆడారు. అడుగులు ఎవరివీ కలవలేదు.