డౌన్‌లోడ్ ఆట: చరిత్రకు ఒక కొత్త ఆధారం

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. ఇప్పుడు కొంత వింతగా తోచే ఆధారాన్ని పరిశీలిద్దాం.

భద్రాచలంలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో, దుమ్ముగూడెం వైపు అటవీ గ్రామం నుంచి వచ్చే ఒక విద్యార్థి పాత ఎక్స్‌బాక్స్ 360 యంత్రాన్ని సంచిలో పెట్టుకొచ్చాడు. అందులో ‘స్టేట్ ఆఫ్ డికే’ ఆట ఉంది. అమెరికాలోని అన్‌డెడ్ ల్యాబ్స్ తయారుచేసిన ఈ ఆట 2013 జూన్‌లో ఆ యంత్రానికి డిస్కు లేకుండా, డౌన్‌లోడ్‌గానే వచ్చింది. శవాలు లేచి తిరిగే ఊళ్లో తిండి, మందులు, తోటి మనుషులను కూడగట్టుకుని బతకడమే ఆట. ఊళ్లో కొన్న ఖాతా పాస్‌వర్డు మరిచిపోయారు, ఆట పూర్తిగా తెరుచుకోవడం లేదు. “యంత్రాన్ని మార్పిస్తే ఆడుతుందంట, మార్పించమంటారా సార్?” అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకో చూడండి. ఆ దుకాణపు ఆటల్లో సాధారణంగా నమూనా, పూర్తి ఆట ఒకే ఫైలులో ఉండేవి. డబ్బు కడితే దక్కేది దాన్ని తెరిచే లైసెన్సు మాత్రమే. 2011లో బయటపడిన రీసెట్ గ్లిచ్ పద్ధతి యంత్రం తాళాన్నే తప్పించింది: సరైన క్షణంలో ప్రాసెసర్‌కు అతిచిన్న విద్యుత్ తాకిడి ఇస్తే, సంతకం సరిపోయిందని యంత్రం భ్రమపడుతుంది. దాపరికం ఎందుకు, చాలామంది దీన్ని వాడింది కొనకుండా ఆడటానికే. కాని 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360 దుకాణం మూతపడింది. ఇక అక్కడ కొత్తగా కొనలేం. వేరే యంత్రాలకు మలికూర్పు వచ్చింది నిజమే. అయితే తొలికూర్పు, మలికూర్పు ఒకటి కావని చరిత్ర విద్యార్థికి వేరే చెప్పాలా?

2009లో హైదరాబాద్ సంస్థలు ప్లేస్టేషన్ 2కు చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’, ‘దేశీ అడ్డా’ డిస్కులపై వచ్చాయి. వాటిని బీరువాలో దాచవచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. అలాంటి వరదలో తడిసిన కాగితాన్నైనా ఆరబెట్టి చదవగలం. మూతపడిన దుకాణంలోని ఆటను ఆరబెట్టలేం.

చట్టం సంగతి మరీ విచిత్రం. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయం భద్రపరచడానికి డిజిటల్ ప్రతిని ఉంచుకోవచ్చు, కాని డిజిటల్ కాని ప్రతి ముందే తన వద్ద ఉండాలి. డౌన్‌లోడ్ ఆటకు అలాంటి ప్రతి పుట్టనే లేదు! అదే సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణ తాళాన్ని తప్పించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. ఈ లోటును చట్టసభ పూడ్చాలన్నది నా అభిప్రాయం.

విద్యార్థి చివరకు యంత్రాన్ని మార్పించలేదు. తానూ అన్నా కరెంటు ఉన్న రాత్రుల్లో ఆ ఆట ఎలా ఆడారో పద్నాలుగు పేజీలు రాసి తెచ్చాడు. యంత్రం వాళ్లింటి అటక మీద ఉంది.

అభ్యాసం: మీ ఊళ్లో ఒకప్పుడు వీడియోగేమ్ పార్లర్ నడిపినవారిని కలిసి, ఏ యంత్రాలు, ఏ ఆటలు ఉండేవో, గంటకు ఎంత తీసుకునేవారో రాయండి.